అద్దె కొట్టుకు సౌరవిద్యుత్తు



కోయంబత్తూరు తెలుగువారికి ప్రకృతిశక్తితో పరిచయం కొత్తది కాదు. 1930లలో నీలగిరుల పైకారా జలవిద్యుత్తు అందిన తరువాత ఈ నగరంలో నూలుమిల్లులు వేగంగా విస్తరించాయి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలసి ఇక్కడే విద్యుత్ మోటారును తయారుచేశారు. లేత్ వర్క్‌షాపులు, ఫౌండ్రీలు, వెట్ గ్రైండర్ కార్ఖానాలు ఈ నేలమీదనే వృద్ధి పొందాయి. మదురైలో అప్పడాల పనివారికి సూర్యుడు తరతరాలుగా కూలి అడగని తోడు.

నేడు ఆ సూర్యుణ్ణి మోటారుకు జోడించవచ్చు. తమిళనాడు ఎండలో ఒక కిలోవాట్ సౌర ఫలకాలు సగటున రోజుకు సుమారు 4 యూనిట్లనిస్తాయి. వాటికి నీడ పడని చోటు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి. పగలు నడిచే లేతుకు, కుట్టుమిషనుకు ఇది బాగా కుదురుతుంది; తెల్లవారుజామున పిండి రుబ్బే కొట్టుకు అంతగా కుదరదు. కనుక ధర అడగడానికి ముందే, ఏ వేళ ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో వ్రాసి చూసుకోవాలి.

ఒక అపోహ కూడా తొలగాలి. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సాధారణ సౌరవ్యవస్థ, కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. తీగల మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణరక్షణకే ఆ ఏర్పాటు. కరెంటు కోతలకు భయపడి ఫలకాలు కొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

అన్నిటికంటె పెద్ద చిక్కు కప్పుది. ఫలకాల ఆయుష్షు సుమారు 25 ఏండ్లు. అద్దె ఒప్పందం తరచుగా 11 నెలలు. యజమాని ఖాళీ చేయమన్ననాడు, అప్పుచేసి పెట్టిన పెట్టుబడి కప్పుమీదనే మిగిలిపోవచ్చు. కనుక ఫలకాలు ఎవరి సొత్తు, బిల్లులో తగ్గిన మొత్తం ఎవరికి, వాటిని విప్పుకొనిపోయే హక్కు ఎవరిది, కప్పు దెబ్బతింటే బాగుచేయించేది ఎవరు అనే నాలుగు సంగతులూ ఒప్పందంలో వ్రాయించుకోవాలి. మీటరు ఎవరి పేరున ఉందో కూడా చూసుకోవాలి.

యజమాని సమ్మతించకపోయినా దారి మూసుకుపోదు. తక్కువ విద్యుత్తుతో నడిచే మోటారు, ఎల్.ఇ.డి. దీపాలు, బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు కొట్టు మారినా వెంట వస్తాయి. మిగిల్చిన యూనిట్ సంపాదించిన యూనిట్‌తో సమానం.

ఎండ అందరిది, దానిని పట్టే కప్పు ఒకరిది. యజమానికీ అద్దెదారుకూ నడుమ కాగితం సరిగా ఉంటే, పైకారా నీరు మిల్లులకు చేసిన మేలు ఈ ఎండ చిన్న కొట్టుకూ చేయగలదు.