పట్టూ విడుపూ

ఎవరి ఉద్యోగం గురించి వాళ్లు చెప్పే ఈ కార్యక్రమంలో ఇంతవరకూ డాక్టర్లూ, కంప్యూటర్ ఇంజనీర్లూ మాట్లాడారు. ఇవాళ రోలర్లు చేసే నన్ను పిలిచారు. "రోలర్లంటే రోడ్డు వేసేవా?" అని మా ఆవిడ స్నేహితురాలు అడిగింది. కాదండీ, ఇవి వేరు.

మీరు కిరాణా దుకాణంలో సరుకులు తీసి నల్లటి బెల్టు మీద పెడతారు కదా. అది మీ పాలడబ్బానీ, కొత్తిమీర కట్టనీ క్యాషియరు దగ్గరికి తీసుకుపోతుంది. ఆ బెల్టు దానంతటది కదలదు. లోపల మోటారుతో తిరిగే రోలరు ఒకటి ఉంటుంది. దాన్నే డ్రైవ్ రోలరు అంటారు. మిగతా రోలర్లు బెల్టుని మోస్తాయంతే, లాగేది ఇదే. విమానాశ్రయంలో మీ పెట్టెలు, మిల్లులో కాగితం, గనిలో బొగ్గు, అన్నీ ఇలాగే కదులుతాయి.

అయితే ఆ రోలరుకీ బెల్టుకీ మధ్య మేకు లేదు, ముడి లేదు. ఉన్నది పట్టు ఒక్కటే. మా చిన్నప్పుడు పొగరుబోతు గిత్తని ఆపాలంటే తాడుని గుంజకి రెండు చుట్లు తిప్పి, కొస పట్టుకుని నిలబడేవాళ్లు. పిల్లవాడు పట్టుకున్నా ఆగేది. తాడుకీ గుంజకీ మధ్య రాపిడి గుణకం 0.3 అనుకుంటే, ఒక చుట్టుకి మన బలం ఆరున్నర రెట్లవుతుంది, రెండు చుట్లకి 43 రెట్లు. డ్రైవ్ రోలరు మీద బెల్టు చుట్టుకునేది అరచుట్టే కాబట్టి లాభం రెండున్నర రెట్లు. అదే రోలరు నున్నటి ఇనుముదై, దానిమీద నీళ్లు పడితే గుణకం 0.1కి దిగిపోవచ్చు. అప్పుడు ఒకటిన్నర రెట్లు కూడా రాదు. రోలరు తిరుగుతుంది గానీ బెల్టు కదలదు. అందుకే ఇనుము మీద రబ్బరు తొడుగుతాం, నీళ్లు పక్కకి పోవడానికి దానిమీద గాళ్లు చెక్కుతాం. ఆ పట్టు తయారుచెయ్యడమే నా ఉద్యోగం.

నేను ఉండేది ఒహాయో రాష్ట్రంలో ఏక్రన్ దగ్గర. ఈ ఊరికి రబ్బరు రాజధాని అని పేరు. 1870లో గుడ్‌రిచ్, 1898లో గుడ్‌ఇయర్, 1900లో ఫైర్‌స్టోన్ కంపెనీలు ఇక్కడ పని మొదలుపెట్టాయి. ఆ తరవాత టైర్ల తయారీ చాలావరకు ఊరు దాటిపోయింది. రబ్బరు పని తెలిసిన చిన్న చిన్న షాపులు మాత్రం మిగిలాయి. 1994లో అలాంటి ఒక షాపులో చేరాను.

రోలరు ఎలా తయారవుతుందో చెబుతాను. ముందు దళసరి ఉక్కు గొట్టం తీసుకుంటాం. రెండు చివర్లా బిళ్లలు పెట్టి, వాటిలో ఇరుసులు దూర్చి వెల్డింగు చేస్తాం. లేతు మీద ఎక్కించి గుండ్రంగా చిత్రిక పడతాం. ఒక పక్క బరువెక్కువై, తిరిగేటప్పుడు అదరకుండా బ్యాలెన్సు చూస్తాం. తరవాత ఇసుకలాంటి గరుకు రవ్వని గాలితో కొట్టి పైభాగాన్ని గరుకు చేస్తాం. ఇక్కడినుంచి ఒట్టి చెయ్యి దానికి తగలకూడదు. చేతి చెమట, నూనె మరక ఉన్నచోట రబ్బరు అతుక్కోదు. ఆరునెలలు బాగానే తిరిగి, ఒకరోజు అక్కడినుంచే ఊడిపోతుంది. తుప్పు పట్టకముందే, కొద్ది గంటల్లోనే జిగురు పూత వెయ్యాలి.

దానిమీద మెత్తటి పచ్చి రబ్బరు పట్టీలు పొరలు పొరలుగా చుడతాం. పైన తడిపిన నైలాను టేపు బిగించి చుడతాం. వేడికి ఆ టేపు ముడుచుకుని రబ్బరుని నొక్కి పెడుతుంది. అప్పుడు ఆటోక్లేవులో పెడతాం. అంటే బస్సంత ప్రెషరు కుక్కరు అనుకోండి. ఇంట్లో కుక్కరు సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడెక్కితే, ఇందులో 140, 150 డిగ్రీల ఆవిరిలో గంటల తరబడి ఉడుకుతుంది. గంధకంతో కలిపి వేడిచేస్తే రబ్బరు గట్టిపడుతుందని 1839లో కనిపెట్టినవాడు ఛార్లెస్ గుడ్‌ఇయర్. 1844లో పేటెంటు వచ్చింది. 1860లో ఆయన అప్పులతోనే పోయాడు. ఆయన పేరు పెట్టుకున్న కంపెనీతో ఆయనకి ఏ సంబంధమూ లేదు.

ఉడికాక నెమ్మదిగా చల్లార్చి, గ్రైండింగు మిషను మీద కొలతకి తెస్తాం. ఈ కొలత ఎందుకంత ముఖ్యమో చూడండి. 200 మిల్లీమీటర్ల రోలరు నిమిషానికి వంద చుట్లు తిరిగితే 62.8 మీటర్ల కాగితం నడుస్తుంది. రబ్బరు చుట్టూ ఒక్క మిల్లీమీటరు అరిగితే నిమిషానికి 63 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. ముందున్న రోలరు కొత్తదీ, వెనకది అరిగినదీ అయితే కాగితం సాగి చిరుగుతుంది. అటుదిటైతే ముడతలు పడుతుంది. నూనె తగిలేచోట నైట్రైలు రబ్బరు, ఆవిరీ వేడీ ఉన్నచోట ఈపీడీఎం, ఒరిపిడి ఎక్కువున్నచోట పాలీయురెథేను వాడతాం. ఏది ఎక్కడ వాడినా కావలసింది పట్టు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1996లో అట్టపెట్టెలు చేసే ఒక ఫ్యాక్టరీకి మేం చేసిన రోలరు బిగించడానికి మా షాపు పెద్దాయనా, నేనూ వెళ్లాం. బిగించడానికి అడ్డుగా ఉందని రక్షణ కవచం మేమే తీసి పక్కన పెట్టాం. మెల్లగా తిప్పి చూస్తున్నాం. రబ్బరు మీద చిన్న జిగురు మరక కనపడింది. నేను చేసిన రోలరు కదా, మచ్చ ఉండకూడదనిపించింది. తిరుగుతుండగానే గుడ్డపెట్టి తుడిచాను. గుడ్డ కొస రెండు రోలర్ల మధ్యకి వెళ్లింది. వెనకాలే నా చేతి తొడుగు, దాని వెనక నా వేలు. పెద్దాయన అత్యవసర తాడు లాగబట్టి బతికాను. ఎడమ చూపుడు వేలు చివరి కణుపు పోయింది. ఇది రేడియో కాబట్టి మీకు కనపడదు.

ఆ మిషను అప్పుడు నిమిషానికి పది మీటర్ల వేగంతో ఉంది. అదే అరవై మీటర్లయితే సెకనుకి ఒక మీటరు. "చెయ్యి లాగు" అని బుర్ర చెప్పి, చెయ్యి వినేసరికి పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో పాతిక సెంటీమీటర్లు లోపలికి పోతుంది. వేలి కొసనుంచి కొలుచుకోండి, మణికట్టు దాటుతుంది.

ఆస్పత్రిలో పెద్దాయన నన్ను తిట్టలేదు. "మనం ఎలా చేశామో అది అలాగే పనిచేసింది" అన్నాడు. ఆ మాట వింటే మా తాతయ్య గుర్తొచ్చాడు. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. బెల్లం సీజనులో చెరకు గానుగ ఆడేది. మూడు ఇనప రోలర్లు. ఎద్దులు ఒకదాన్ని తిప్పితే, పళ్లచక్రాల వల్ల మిగతా రెండూ తిరిగేవి. చివరి ముక్కని చేత్తో తొయ్యబోతే తాతయ్య కసిరేవాడు. "ఒరే, ఇంకో గడతో తొయ్యి. దానికి చెరకేదో చెయ్యేదో తెలీదురా" అనేవాడు. అంత చదువు చదివి, సముద్రాలు దాటి వచ్చి, ఆ ఒక్క మాటే మరిచిపోయాను.

మన పెద్దలు పట్టూ విడుపూ ఉండాలంటారు. రోలరుకి మేం పట్టు ఒక్కటే నేర్పుతాం. విడుపు మనిషి దగ్గరే ఉండాలి. విడుపు అంటే స్విచ్చి ఆపడం ఒక్కటే కాదు. కరెంటు తీసి, స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోవడం. అమెరికాలో ఓషా సంస్థ 1989లో దీన్ని నిబంధనగా చేసింది. మన పిల్లలు గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకి వెళ్తున్నారు. మెడలో గుర్తింపు కార్డు తాడు, వదులు చేతులు, విరబోసిన జుట్టు, ఇవన్నీ రోలరుకి చెరకు గడలే అని చెప్పండి.

ఫ్యాక్టరీ దాకా ఎందుకు, మీ ఇంట్లో ట్రెడ్‌మిల్లు ఉందా? దాని ముందు భాగంలో ఉన్నదీ డ్రైవ్ రోలరే. వెనక వైపు బెల్టు కిందికి తిరిగేచోట పాకే పిల్లల చేతులు ఇరుక్కుంటాయి. దానికి ఎర్రటి సేఫ్టీ తాళంచెవి ఒకటి ఇస్తారు. నడక అయ్యాక దాన్ని తీసి, పిల్లలకి అందనిచోట పెట్టండి. ఈ ప్రసంగం అయ్యాక మీరు లేచి ఆ ఒక్క పని చేస్తే, నేను ఇక్కడికి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.