రోగి ఏ భాషలో మూలుగుతాడు?

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక.



భూమ్యాకాశాల సృష్టితో పాటు మన భాషల, వర్ణాల వైవిధ్యాన్ని కూడా దివ్య ఖుర్ఆన్ అల్లాహ్ సూచనలలో చేర్చింది (30:22). మానవులు జాతులుగా, తెగలుగా చేయబడినది పరస్పర పరిచయం కొరకేనని సూరా హుజురాత్ 13వ ఆయత్ తెలుపుతున్నది. పరిచయం అనే ఈ మాటను శాంతి సభలలో తరచుగా వింటూనే ఉన్నాము. నేడు దానిని ఆసుపత్రి గడప దాకా తీసుకొని పోదలచాము.

మన గుమ్మఘట్ట కర్ణాటక సరిహద్దు సీమ. సంతలో ఒక్క బేరం ముగిసేలోగా తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడూ వినిపిస్తాయి. వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్నప్పటికీ, నీరు చేరిన ఏళ్ళను మన పెద్దలు వేళ్ళ మీద లెక్కించి చెబుతారు. వానలు ముఖం చాటేసిన ఏట వేరుశనగ ఎండితే బోయల చేనూ, దూదేకుల చేనూ, రెడ్ల చేనూ ఒకే రంగులోకి మారుతాయి. కరువు ఎవరి భాషా అడగదు. వైద్యం మాత్రం అడుగుతున్నది.

మాకు తెలిసిన ఒక పెద్దమ్మ ఉన్నారు. ఇంట్లో ఉర్దూ తప్ప మరో భాష ఎరుగరు. ఒకనాడు గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఒక ఆసుపత్రికి చేరి తనకు 'ఘబ్రాహట్'గా ఉన్నదని చెప్పుకున్నారు. వెంట వెళ్ళిన పదేళ్ళ మనవడు దానిని తెలుగులో 'భయంగా ఉందంట' అని అందించాడు. భయపడవద్దని ధైర్యం చెప్పి పంపివేశారు. ఆ మాటకు భయమనే అర్థమూ ఉన్నది, గుండె దడ అనే అర్థమూ ఉన్నది. రెండు రోజుల తరువాత మరొక చోట పరీక్షిస్తే అది గుండె జబ్బు అని తేలింది. అల్లాహ్ దయ వలన ఆమె బ్రతికారు. తప్పు పసివాడిది కాదు. ఆ పూట మన మస్జిద్‌లో రెండు భాషలూ తెలిసిన వారు పది మందికి తక్కువ లేరు. వారిలో ఒక్కరూ ఆమె వెంట లేరు. ఈ లెక్కే మమ్మల్ని బాధిస్తున్నది.

సోదరులారా, దీనికి తలకిందులైన సంగతి కూడా మన మధ్యనే ఉన్నది, దానిని దాచడం ధర్మం కాదు. దూది ఏకడం వృత్తిగా బ్రతికిన మన దూదేకుల సోదరుల ఇంటి భాష తెలుగు. ఉర్దూ రానందుకు వారిని సగం ముస్లింలుగా చూసిన వారు మనలో లేరా? సంబంధం కలుపుకునేటప్పుడు మొహం తిప్పుకున్న వారు లేరా? పత్తి ధూళి ఏళ్ళ తరబడి పీల్చిన వారికి ఊపిరితిత్తులు బిగుసుకుపోయే జబ్బు వస్తుందని వైద్యులు చెబుతారు. జబ్బు గురించి, మందుల గురించి మనం ఉర్దూలో చెప్పే హితవు ఆ దగ్గే వృద్ధుని చెవికి ఎలా చేరుతుంది? ఖుత్బా ముందు ప్రసంగం తెలుగులో ఉండాలని మేము పట్టుబట్టడానికి ఇదొక కారణం.

మదీనా మస్జిద్‌ను తలచుకోండి. పండుగ నాడు హబషీ దేశీయులు తమ ఆచారం ప్రకారం ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (సఅసం) వారించలేదు. హజ్రత్ ఆయిషా (రజి) వాటిని తిలకించడానికి వీలు కూడా కల్పించారు. కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి) కొరకు ఆ మస్జిద్‌లోనే గుడారం వేయించారు, దగ్గరుండి పరామర్శించడానికి. అక్కడ క్షతగాత్రులకు సేవ చేసిన రుఫైదా (రజి) అనే మహిళను చరిత్రకారులు పేర్కొన్నారు. పరదేశీయుల ఆట, గాయపడిన వారి పడక, రెండింటికీ ఆ ఒక్క ప్రాంగణంలో చోటు దొరికింది. మస్జిద్‌ను శుభ్రం చేసే స్త్రీ మరణిస్తే తనకెందుకు చెప్పలేదని ప్రవక్త (సఅసం) అడిగి, ఆమె సమాధి వద్దకు వెళ్ళి నమాజు చేశారు.

మన దేశంలోనూ ఒక నిదర్శనం ఉన్నది. పల్స్ పోలియో 1995లో మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని ముస్లిం వాడలలో చుక్కల మందు మీద అనుమానాలు పుట్టి తల్లులు తలుపులు మూసుకున్నారు. అధికారుల కరపత్రాలు చేయలేని పని ఉలమాల మాట, మస్జిద్ మైకు చేశాయి. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదు. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. నమ్మిన నోట, తెలిసిన భాషలో విన్న మాట అంత పని చేస్తుంది.

పీర్ల పండుగలో ఈ జిల్లా హిందువులు, ముస్లింలు కలిసి నడుస్తారు. దాని ఆచారాల మీద ధార్మిక చర్చ వేరు, నేడు దాని జోలికి పోము. కానీ ఆ పది రోజులు కలిసి నడిచిన పొరుగువాడు జ్వరంతో పడుకుంటే పదకొండవ రోజు పలకరించేవారెవరు? తనకు సేవ చేసిన యూద బాలుడు జబ్బుపడితే ప్రవక్త (సఅసం) స్వయంగా వెళ్ళి పరామర్శించారు. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి ఇక్కడి పేదల మధ్యే స్థిరపడ్డారు. ఆయన సంస్థ ఆసుపత్రి బత్తలపల్లిలో ఉన్నది. ఆయన మన మతం వారు కారు, మన భాష వారూ కారు.

ఇక తిండి మాట. రాగి సంకటి, కొర్రన్నం, జొన్నరొట్టె ఈ మెట్ట నేల మనకు నేర్పిన ఆహారం. వాటిని పేదరికపు గుర్తుగా వదిలి, తెల్లన్నానికి, దావతుల బిర్యానీకి అలవాటుపడి, ఇప్పుడు షుగర్ మాత్రలతో పాటు కొర్రలనూ పట్నంలో ఎక్కువ ధరకు కొంటున్నాము. అలాగే, రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఖుర్ఆన్ (2:184, 185) ఇచ్చినదే. ఇన్సులిన్ తీసుకునే తల్లి నలుగురూ ఏమంటారోనని రోజా ఉండి కళ్ళు తిరిగి పడిపోతే, ఆ నలుగురిలో మనమూ ఉన్నాము.

నమాజు ముగిసిన తరువాత వజూఖానా పక్కన ఒక పుస్తకం ఉంచుతాము. తెలుగు, కన్నడం, ఉర్దూలలో రెండైనా తెలిసినవారు పేరు, ఖాళీగా ఉండే రోజు వ్రాయండి. ఆసుపత్రికి వెళ్ళేవారు ఏ మతస్థులైనా ముందు రోజు ఇషా లోపు కబురు పంపితే, ఒకరు వెంట వెళతారు. స్త్రీలకు తోడుగా స్త్రీలే వెళ్ళాలి కనుక ఇంట్లో వారి పేర్లు వారినే అడిగి వ్రాయండి.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. ఈ ఎండిన నేలపై వాన కురిపించు. ఆమీన్.