వలస వచ్చిన వయసు, పట్టుబడిన భాష

వయోజనులకు చదువు చెప్పడమే వ్రతంగా బతికిన మాస్టారి పేరిట జరుగుతున్న సభ ఇది. అందుకే పెద్దయ్యాక దేశం మారినవాళ్ల భాష గురించి మాట్లాడదలచాను. పిల్లలకు కొత్త భాష ఇట్టే వస్తుందనీ, పెద్దలకు ఇక రాదనీ అందరూ అనే మాటే. అందులో కొంత నిజముంది. మిగతాది వలస వచ్చిన తల్లులకూ కూలీలకూ వృద్ధులకూ జరిగిన అన్యాయమని నేను నమ్ముతున్నాను. ఆ నిజాన్నీ ఈ అన్యాయాన్నీ విడదీసి చూపగల ఆధారాలు పోగవడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

కథ మెదడు దగ్గర మొదలైంది. మాంట్రియల్‌లో మెదడు శస్త్రచికిత్సలు చేసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్, లామార్ రాబర్ట్స్‌తో కలిసి 1959లో వెలువరించిన గ్రంథంలో, తొమ్మిదేళ్లు దాటితే భాష నేర్వడానికి మెదడు బిగుసుకుపోతుందన్నాడు. 1967లో ఎరిక్ లెనెబర్గ్ దీన్ని సిద్ధాంతంగా మలిచాడు. రెండేళ్ల నుంచి యుక్తవయసు దాకా భాషకు కీలక దశ అన్నాడు. అయితే ఆయన ఆధారాల్లో ఎక్కువ భాగం మాతృభాషకు సంబంధించినవి. వాటిని వలస వచ్చినవాళ్ల రెండో భాషకు అన్వయించడం మరో అడుగు.

ఆ అడుగు 1989లో జాక్వెలిన్ జాన్సన్, ఎలిసా న్యూపోర్ట్ వేశారు. కొరియా, చైనా భాషలు మాట్లాడే కుటుంబాల్లో పుట్టి, 3 నుంచి 39 ఏళ్ల మధ్య వయసులో అమెరికా చేరిన 46 మందికి 276 ఇంగ్లీషు వాక్యాలు టేపు మీద వినిపించారు. ‘రెండు’ అన్న తర్వాత బహువచన ప్రత్యయం లేని వాక్యం ఒకటి, జరిగిపోయిన పనికి భూతకాల రూపం లేనిది ఇంకొకటి, ఇలాంటివి కొన్ని, సరైనవి కొన్ని. విన్నవాళ్లు ఒప్పో తప్పో గుర్తు పెట్టాలి. ఏడేళ్లలోపు వచ్చినవాళ్లు పుట్టు ఇంగ్లీషువాళ్లతో సమానంగా, సగటున 269 దాకా తెచ్చుకున్నారు. పదిహేడు దాటి వచ్చినవాళ్ల సగటు 210 దగ్గర ఆగింది. ఈ లెక్క పాఠ్యపుస్తకాలకెక్కింది, దానితోపాటు పెద్దలకు తలుపు మూసుకుపోయిందన్న నమ్మకమూ బలపడింది. కానీ లెక్కను మరోవైపు నుంచి చూడండి. 276లో 210 అంటే నాలుగింట మూడు వంతులకు పైనే. గుడ్డిగా గుర్తు పెడితే వచ్చేది సగమే. వాళ్లకు ఇంగ్లీషు రాలేదనడానికి ఇది సాక్ష్యం కాదు.

అసలు చిక్కు ‘వచ్చిన వయసు’ అనే కొలతలోనే ఉంది. ఆరేళ్ల పిల్ల బడికి వెళుతుంది, రోజంతా కొత్త భాషలోనే ఆడుతుంది, ఆ భాషలోనే డిగ్రీ దాకా చదువుతుంది. ముప్పయ్యారేళ్ల ఆమె తల్లి వంటింట్లోనో, తన భాషవాళ్లే ఉన్న పనిచోటో మిగిలిపోతుంది. ఇద్దరి మధ్య తేడా వయసొక్కటే కాదు. జేమ్స్ ఫ్లెగె బృందం 1999లో అమెరికాలోని 240 మంది కొరియా వలసవాసులను పరీక్షించింది. చదువు మొదలైనవి సమానంగా ఉండేలా జతచేసి చూస్తే ఉచ్చారణలో వయసు ప్రభావం నిలిచింది గానీ, వ్యాకరణంలో కనబడకుండా పోయింది. 2003లో కెంజి హకుతా, ఎలెన్ బియాలిస్టాక్, ఎడ్వర్డ్ వైలీ 1990 అమెరికా జనగణన నుంచి 23 లక్షల మంది వివరాలు పరిశీలించారు. వచ్చిన వయసు పెరిగేకొద్దీ నైపుణ్యం మెల్లగా తగ్గింది, కానీ ఏ ఒక్క వయసు దగ్గరా కూలలేదు. చదువు ప్రభావం మాత్రం స్పష్టంగా కనిపించింది. జనగణనలో ఎవరి భాష గురించి వాళ్లు చెప్పుకున్నదే లెక్క కాబట్టి అది ముతక కొలతే. అయినా అంతమందిలో కూడా మూసిన తలుపు జాడ లేదు.

మన తెలుగువాళ్లనే చూడండి. ఇరవైలు దాటాక అమెరికా వెళ్లిన ఇంజనీర్లు ఇంగ్లీషు ఇక్కడి బడిలోనే మొదలుపెట్టారు. వాళ్లు విమానం ఎక్కిన వయసు, భాష మొదలైన వయసు వేరు. అరవై దాటాక పిల్లల దగ్గరికి చేరిన తల్లిదండ్రులను అదే పట్టికలో కూర్చోబెట్టి, తేడా అంతా మెదడుదే అనడం న్యాయం కాదు.

నా వాదనకు బలమైన అభ్యంతరాలున్నాయి. హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ 2018లో దాదాపు 6,70,000 మంది సమాధానాల ఆధారంగా, వ్యాకరణం నేర్చే శక్తి 17.4 ఏళ్ల దాకా నిలిచి తర్వాత పడిపోతుందన్నారు. కానీ ఆ వయసు చాలామంది బడి వదిలే వయసు కూడా. ఆ మార్పుకు మూలం మెదడా, బతుకు మారడమా అన్నది ఆ లెక్క తేల్చదు. స్వీడన్‌లో అబ్రహామ్సన్, హిల్టెన్‌స్టామ్ 2009లో చేసిన అధ్యయనం ఇంకా గట్టిది. లోతుగా పరీక్షిస్తే, చిన్నతనం దాటాక స్వీడిష్ నేర్చినవాళ్లలో ఒక్కరూ అన్ని విధాలా పుట్టు స్వీడిష్‌వాళ్లలా తేలలేదు. దీన్ని నేను ఒప్పుకుంటాను. అయితే డాక్టరుకు తన నొప్పి చెప్పుకోవడానికీ, జీతంలో కోత గురించి అడగడానికీ అంత సంపూర్ణత అక్కర్లేదు. పైగా నెదర్లాండ్స్‌లో కేథరిన్ స్నో, మరియన్ హెఫ్నాగెల్-హెహ్లె 1978లో చూపినట్టు, మొదటి నెలల్లో డచ్ వేగంగా నేర్చింది పసివాళ్లు కాదు, పెద్దలూ పన్నెండు దాటిన పిల్లలూ.

అంటే పెద్దలకు కరువైంది తీరిక. స్వీడన్ దీన్ని ముందుగానే గుర్తించింది. 1970ల తొలినాళ్లలో తెచ్చిన చట్టంతో, వలస వచ్చిన కార్మికుడికి పని వేళల్లోనే, జీతం కోయకుండా 240 గంటల భాషా పాఠాలు హక్కుగా దక్కాయి. ఆ ఖర్చు యజమాని భరించాల్సి వచ్చేది. అయితే ఆ హక్కు ఉద్యోగికే ఉండేది. ఇంట్లో ఉండిపోయిన భార్య దాని పరిధిలోకి రాలేదు. ఏ దేశంలోనైనా మనవాళ్లు ముందుగా అడగవలసింది ఆమెకు రావలసిన గంటల గురించే.