గాలి తుపాకికి పాత సిలిండరు – కొనుటకు ముందు చూడవలసినవి



2012 లండను ఒలింపిక్సులో హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల గాలి తుపాకి పోటీలో కాంస్య పతకము గెలిచెను. మీ పిల్లలును ఈ క్రీడ నేర్వగోరవచ్చును. తుపాకిలో గాలి నింపుటకు, సముద్రములో మునుగువారు వాడి విడిచిన సిలిండరు చవకగా దొరకును. కొనుట తప్పు కాదు. చూడక కొనుట తప్పు.

ట్రాక్టరు వెనుక చక్రములో గాలి ఒత్తిడి సుమారు 1 బారు. ఈ సిలిండరులో 200 బార్లు, కొన్నిటిలో 300. అట్టిది పగిలినచో బాంబు పేలినట్లే.

మొదట సిలిండరు మెడవద్ద చెక్కిన అక్షరములు చదువుడు. ఎంత ఒత్తిడికి తగినదో, కడపట ఎన్నడు పరీక్షించిరో అచట ఉండును. నీటి ఒత్తిడి పరీక్ష జరిగి 5 సంవత్సరములు దాటినచో, మరల పరీక్షింపక గాలి పట్టింపరాదు. పైన క్రొత్త రంగు చూచి మోసపోవద్దు. తేమ చేరినచో ఉక్కు లోపలినుండియే తుప్పు పట్టి పలుచబడును. 6351 మిశ్రమలోహముతో చేసిన పాత అల్యూమినియం సిలిండర్లకు మెడలో పగుళ్ళు రావచ్చును. నిప్పు సోకినది, వెల్డింగు చేసినది ముట్టనే వద్దు.

చక్రములకు గాలి పట్టు దుకాణపు యంత్రము దీనికి చాలదు. పీల్చుటకు తగిన పొడిగాలి నింపు కేంద్రమునకే పోవలెను. ఆక్సిజను ఎన్నడును నింపింపకుడు. నూనెగాని గ్రీజుగాని తగిలినచో మండి పేలును.

సిలిండరునుండి తుపాకిలోనికి గాలి ఎక్కించునపుడు వాల్వు మెల్లగా త్రిప్పుడు, తొందరించినచో వేడెక్కును. మీటరుపై కన్నుంచి, తుపాకి చేసినవారు చెప్పిన హద్దువద్ద ఆపుడు. గొట్టములోని గాలి వదలిన పిదపనే దానిని ఊడదీయవలెను.

మందు చల్లు పంపు చెడినచో ఒక పూట పని చెడును. ఈ సిలిండరు చెడినచో ప్రాణమే పోవును. పరీక్ష చీటీ చూపనివాని వద్ద ఎంత చవకైనను కొనకుడు.