ఎన్నిసార్లలో ఎన్ని?



జవాబు 0.6 అని ఊరికే రాస్తే మా లెక్కల మాస్టారు మార్కు వేసేవారు కాదు. ఎన్నిసార్లలో ఎన్నిసార్లు వచ్చిందో పక్కన ఉండాల్సిందే. ఘటన జరిగిన సార్లను మొత్తం ప్రయత్నాలతో భాగిస్తే ప్రయోగాత్మక సంభావ్యత వస్తుంది. ఆ భాగహారం బడిపిల్లలందరికీ తెలుసు. వచ్చిన దశాంశాన్ని ఎంతవరకు నమ్మాలన్నదే అసలు ప్రశ్న. దానికి రెండు ఉదాహరణలు చెబుతాను.

జోహన్నెస్‌బర్గ్‌లో గణితం బోధించే జాన్ కెరిచ్ 1940 ఏప్రిల్‌లో అత్తవారిని చూడ్డానికి కోపెన్‌హాగెన్ వెళ్లాడు. ఆ నెలలోనే జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించింది, ఆయన్ని జట్లాండ్‌లో నిర్బంధించారు. అక్కడ ఆయన ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి, ఫలితాలన్నీ నమోదు చేశాడు. తొలి 10లో బొమ్మలు 4. 100కి 44. 1,000కి 502. 10,000కి 5,067.

సగానికీ బొమ్మలకీ తేడా చూడండి: 1, 6, 2, చివరికి 67. తేడా పూడలేదు, పెరిగింది! అయినా నిష్పత్తి 0.4 నుంచి 0.5067కి వచ్చింది. వరసగా బొరుసులు పడ్డాయి కాబట్టి ఇక బొమ్మే పడాలని వాదించేవారికి ఈ అంకెలు చూపించాలి. నాణెం పాత బాకీలు తీర్చదు. తేడా కంటే హారం వేగంగా పెరుగుతుంది, అంతే.

మరి 67 ఎక్కువ వచ్చాయని నాణేన్ని అనుమానించాలా? అక్కర్లేదు. సరైన నాణేనికి, ప్రయత్నాల వర్గమూలంలో సగం మేర అటూఇటూ కావడం మామూలు. 10,000కి అది 50. దానికి రెట్టింపు దాటితే అప్పుడు ఆలోచించాలి.

రెండో ఉదాహరణ పాచికలది. ఇంగ్లండులో జీవశాస్త్రవేత్త వెల్డన్ 12 పాచికలను కలిపి 26,306 సార్లు వేసి, ఆ ఫలితాలను 1894లో శాస్త్రవేత్త గాల్టన్‌కు రాసి పంపాడు. మొత్తం 3,15,672 పాచికల్లో 5 గానీ 6 గానీ పడినవి 1,06,602. అంటే 0.3377. పుస్తకం ప్రకారం మూడో వంతు, 0.3333. తేడా 0.0044 మాత్రమే, కెరిచ్ నాణెం చూపిన 0.0067 కంటే తక్కువ. కానీ ఇన్ని ప్రయత్నాలకు మామూలుగా ఉండే ఊగిసలాట 265 దాకా. ఇక్కడ అదనంగా వచ్చినవి 1,378. అయిదు రెట్లు దాటింది! చుక్కల కోసం గుంటలు తవ్వడంతో 5, 6 ముఖాలు తేలికై పైకి తేలాయని వివరిస్తారు. 1900లో గణాంకవేత్త పియర్సన్, తేడా యాదృచ్ఛికమేనా అని తేల్చే తన కై వర్గ పరీక్షను ఈ అంకెల మీద కూడా ప్రయోగించాడు. చిన్న తేడా పాచికల లోపాన్ని పట్టించింది, పెద్ద తేడా నాణేన్ని ఏమీ చేయలేకపోయింది. ఎన్నిసార్లు అన్నది తెలియకపోతే ఈ రెండింటినీ మనం తలకిందులుగా అర్థం చేసుకునేవాళ్లం.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒకటే. తరగతిలో ఒక్కొక్కరి చేత 20 సార్లు నాణెం వేయించండి. ఎవరికో 6 బొమ్మలే పడతాయి, ఇంకెవరికో 14. ప్రయోగం తప్పిందని వాళ్ల చేత మళ్లీ వేయించకండి, 10కి దగ్గరగా దిద్దుకోనివ్వకండి. ఆ 6నీ 14నీ బోర్డు మీద అలాగే రాసి, అందరివీ కూడిన తర్వాతే భాగించమనండి.