చిల్లకూరు మేడ మీద అగస్త్యుడు

ఈ ఎపిసోడ్ మా చిల్లకూరు మేడ మీద నుంచి. కరెంటు పోయింది, వీడియో క్వాలిటీకి సారీ. ఆకాశానికి మాత్రం ఇదే మంచి టైం.

రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపు గురించి విన్నారా? 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ పరిశీలించారు. చీకటి కోసం హైదరాబాద్‌కి దూరంగా కట్టారు. సిటీ లైట్లు అక్కడిదాకా వెళ్లిపోయాయి.

మనకింకా కొంచెం చీకటి మిగిలుంది. ఫిబ్రవరి రెండో వారం, రాత్రి 9 గంటలు. దక్షిణం వైపు చెయ్యి చాచి, నేల అంచు నుంచి రెండు పిడికిళ్లు కొలవండి. ఆ కాస్త పైన మెరిసేది అగస్త్య నక్షత్రం. ఆ వెలుగు బయల్దేరి 300 ఏళ్లు దాటింది! ఢిల్లీలో అయితే ఒక్క పిడికిలి ఎత్తు కూడా రాదు.

మా అవ్వ ఇక్కడే పిల్లలకోడి చుక్కలు చూపించేది. నేనేమో ఫోన్ చూసేవాణ్ణి. ఇప్పుడు అడుగుదామంటే అవ్వ లేదు.

రొయ్యల గుంటల అన్నలూ, లైట్లు ఆర్పమనట్లేదు, దొంగల భయం నాకూ తెలుసు. పైకి వెలుగు పోకుండా ఒక రేకు అడ్డం పెట్టండి చాలు. శనివారం టెలిస్కోపు ఇక్కడే పెడతా, పిల్లల్ని తీసుకురండి. అవ్వల్ని కూడా.