ఆపరేషన్ సగం – ఇల్లు సగం



ఈరోజు మన ఒంట్లో ఉన్న ఒక కీలు గురించి చెప్పుకుందాం. అది తుంటి కీలు. నడవాలన్నా, కూర్చోవాలన్నా, నాటు వేయాలన్నా, తాడిచెట్టు ఎక్కాలన్నా ఆ కీలు తిరగాలి. అది పాడైతే మనిషి మంచాన పడతాడు. అయితే పాడైన కీలును తీసి కొత్త కీలు పెట్టే ఆపరేషన్ ఉంది. ఆ ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా? చేయించుకున్న తరువాత ఎట్లా మెలగాలి? ఈ రెండు సంగతులు తెలుసుకుందాం.

కీలు ఎట్లా ఉంటుంది?

తొడ బొక్క పైకొన గుండులాగా ఉంటుంది. నడుము బొక్కలో గిన్నెలాంటి గుంత ఉంటుంది. ఆ గిన్నెలో ఈ గుండు తిరుగుతుంది. రెండింటి మీదా నున్నని పొర ఉంటుంది. అందుకే నొప్పి లేకుండా కాలు కదులుతుంది. గుండు కింద సన్నని మెడ ఉంటుంది. గుండుకు రక్తం చాలావరకు ఆ మెడ మీదుగానే పోతుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని ఉంది.

కీలు ఎందుకు పాడవుతుంది?

ఒకటి, పడటం. వయసు మీద పడితే బొక్కలు గుల్లబారతాయి. ముఖ్యంగా ముట్లు ఆగిన ఆడవాళ్లకు. తడి స్నానాల గదిలోనో, చీకట్లో వాకిట్లోనో జారితే చాలు, మెడ దగ్గర బొక్క విరుగుతుంది.

రెండు, గుండుకు రక్తం అందకపోవడం. ఇది ముప్పై నలభై ఏళ్ల మగవాళ్లలో ఎక్కువగా కనబడుతుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగడం ఒక కారణం. స్టెరాయిడ్ మందులు ఎక్కువగా వాడటం ఇంకో కారణం. ఒళ్లు నొప్పులకు పేరు తెలియని సూదులు వేయించుకుంటే అందులో ఏముందో ఎవరికి తెలుసు? సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్లకు చిన్న వయసులోనే ఇట్లా కావచ్చు. ఆ జబ్బు గిరిజన కుటుంబాల్లో ఎక్కువ.

మూడు, కీళ్లవాతం. నున్నని పొర అరిగిపోయి, బొక్కకు బొక్క రాసుకుంటుంది.

తుంటి నొప్పి గజ్జల్లో వస్తుంది. ఒక్కోసారి మోకాలికి పాకుతుంది. చాలామంది మోకాలికే మందు రాస్తూ ఏడాది గడుపుతారు. గజ్జల్లో నొప్పి నెల దాటినా తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాలి. రక్తం అందని జబ్బు మొదట్లోనే దొరికితే, కీలు మార్చకుండా చిన్న ఆపరేషన్‌తో కాపాడే వీలుంటుంది.

కొత్త కీలు ఎప్పటిది?

ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు ఉండేవారు. ఆయన మొదట ఒక రకం ప్లాస్టిక్‌తో గిన్నె చేసి పెట్టారు. అది రెండు మూడేళ్లకే అరిగిపోయింది. ఆయన వదిలిపెట్టలేదు. 1962లో గట్టి రకం ప్లాస్టిక్ గిన్నె, స్టీలు గుండు పెట్టారు. అది నిలిచింది. ఇప్పటి కీళ్లన్నీ ఆ దారిలో వచ్చినవే. పైదేశాల లెక్కలు చూసి 2019లో డాక్టర్లు ఒక మాట చెప్పారు. మార్చిన తుంటి కీళ్లలో సగానికి పైగా 25 ఏళ్లు పనిచేశాయట. అంటే ఇది కొత్త ప్రయోగం కాదు.

మనందరికీ తెలిసిన ఒక ఉదాహరణ

తెలంగాణ మొదటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు 2023 డిసెంబరు 7 రాత్రి ఎర్రవల్లిలోని తన ఇంట్లో జారిపడ్డారు. ఎడమ తుంటి బొక్క విరిగింది. అప్పటికి ఆయన వయసు 69. మరునాడే, 8వ తేదీన, హైదరాబాద్‌లోని యశోద ఆసుపత్రిలో తుంటి కీలు మార్చారు. 9వ తేదీన ఆయన వాకర్ పట్టుకుని అడుగులు వేశారు. 15న ఇంటికి వెళ్లారు. కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని డాక్టర్లు చెప్పారు. 2024 ఫిబ్రవరి 1న చేతికర్ర సాయంతో వచ్చి శాసనసభ్యునిగా ప్రమాణం చేశారు.

"పెద్దోళ్ల ముచ్చట వేరు, మనకెట్ల అయితది?" అని అనుకోవచ్చు. నిజమే. ఆయనకు ఉన్న వసతి కూలి చేసుకునేవాళ్లకు ఉండదు. కానీ బొక్క మాత్రం అందరికీ ఒక్కటే. అక్కడ జరిగింది లెక్కపెట్టండి. పడగానే దవాఖానకు పోయారు. కట్టు కట్టించుకుని ఇంట్లో పడుకోలేదు. ఆపరేషన్ అయిన మరునాడే లేచి నిలబడ్డారు. ఆ తరువాత తొందరపడకుండా వారాల తరబడి ఆగారు. ఇందులో ఆపరేషన్‌కు డబ్బు కావాలి. మిగిలినవాటికి కావలసింది తెలివిడి.

విరిగితే ఆలస్యం వద్దు

ఒక అవ్వ ఉందనుకుందాం. ఊరు మహబూబాబాద్ దగ్గర. మిరపకాయలు ఏరే పనికి పోతుంది. తెల్లవారుజామున వాకిట్లో జారిపడింది. కాలు పొట్టిగా అయింది. పాదం బయటికి తిరిగింది. లేవలేకపోతోంది. ఇవి తుంటి విరిగిన గుర్తులు.

కొడుకు "కట్టు కట్టిద్దాం" అంటాడు. చేతి బొక్కకు కట్టు పనిచేయవచ్చు. తుంటి మెడకు పనిచేయదు. ఎందుకంటే మెడ విరిగితే గుండుకు రక్తం ఆగిపోతుంది. రక్తం లేని బొక్క అతకదు.

అవ్వ ఏమంటుంది? "నాకెందుకు బిడ్డా? ఇంకెన్నేండ్లు బతుకుత? నా మీద పైసలు పెట్టకుండ్రి" అంటుంది. మన ఊళ్లలో ఎంతోమంది తల్లులు ఈ మాటే అంటారు. ఇంట్లోవాళ్లు ఆ మాటనే పట్టుకుని ఊరుకుంటారు.

ఆపరేషన్ చేయించకపోతే ఏమవుతుంది? అవ్వ కదలకుండా పడుకుంటుంది. వీపు మీద పుండ్లు పడతాయి. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. పెద్ద వయసువాళ్ల ప్రాణం తీసేవి ఇవే. ఆమెకు చాకిరీ చేయడానికి కోడలు కూలి మానుకోవాలి. ఆ ఖర్చు ఎవరూ లెక్కలో రాయరు. కాబట్టి ఈ ఆపరేషన్ అవ్వ పరుగెత్తడానికి కాదు. తన కాలకృత్యాలకు తాను లేచిపోవడానికి.

విరిగినప్పుడు 108కి ఫోన్ చేయాలి. కాలును లాగవద్దు, తోమవద్దు. కాళ్ల మధ్య దిండు పెట్టి కదలకుండా తీసుకుపోవాలి. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయితే మేలు. ముసలివాళ్లకు ఒక్కోసారి గుండు మాత్రమే మారుస్తారు, గిన్నెను ఉంచేస్తారు. ఏది మంచిదో డాక్టరు చెప్పాలి.

అరిగితే ఆలోచించే టైము ఉంటుంది

ఇంకో మనిషిని అనుకుందాం. ఊరు జనగామ దగ్గర. వయసు నలభై. కల్లు గీసే పని. గుండుకు రక్తం అందక కీలు చెడిపోయింది. ఈయనకు తొందర లేదు. నాలుగు నెలలు ఆలోచించుకోవచ్చు. ఆయన తనను తాను అడగవలసిన ప్రశ్నలు ఇవి.

రాత్రి నొప్పితో నిద్ర లేస్తున్నానా?
గోలీలు వేసుకున్నా నడవలేకపోతున్నానా?
కట్టె పట్టుకున్నా, బరువు తగ్గినా నొప్పి అట్లాగే ఉందా?
నా పనులు నేను చేసుకోలేకపోతున్నానా?

వీటికి "అవును" అంటే ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడాలి. డాక్టరును కూడా అడగాలి. ఏ రకం కీలు పెడతారు? ఎన్నేళ్లు పనిచేస్తుంది? ఎన్ని రోజులు దవాఖానలో ఉండాలి? తరువాత ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు?

చివరి ప్రశ్న అన్నింటికన్నా పెద్దది. కొత్త కీలుతో నడక వస్తుంది. తాడిచెట్టు ఎక్కడం రాదు. భూపాలపల్లి బొగ్గుబావిలో బరువులు మోసే పనైనా అంతే. గొంతుకూర్చుని కలుపు తీసే పనైనా అంతే. నిలబడి, కుర్చీలో కూర్చుని చేసే పనులు చేసుకోవచ్చు. కాబట్టి ఆపరేషన్‌కు ముందే ఇంటిల్లిపాది కూర్చుని, రేపటి బతుకుదెరువు ఏమిటో మాట్లాడుకోవాలి. చిన్న వయసులో మార్చిన కీలును కొన్నేళ్లకు మళ్లీ మార్చవలసి రావచ్చు. అదీ ముందే తెలియాలి.

ప్రమాదాలు ఉండవా? ఉంటాయి. గాయంలో చీము పట్టవచ్చు. కీలు జారవచ్చు. రక్తం గడ్డకట్టవచ్చు. రెండు కాళ్ల పొడవులో కొంచెం తేడా రావచ్చు. ఇవి కొద్దిమందికే జరుగుతాయి. అయినా తెలుసుకునే సంతకం పెట్టాలి. చదవకుండా వేలిముద్ర వేసే రోజులు పోయాయి. ఆపరేషన్ ఒప్పుకోలు కాగితాన్ని చదివించుకోండి. చదవండి. అప్పుడే మీ పేరు రాయండి.

ఎక్కడికి పోవాలి? పైసలు ఎట్లా?

2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలో, భూపాలపల్లిలో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మొదట అక్కడి సర్కారు దవాఖానలో ఎముకల డాక్టరుకు చూపించండి. అవసరమైతే వరంగల్ ఎం.జి.ఎం.కో, హైదరాబాద్‌కో రాసి పంపుతారు.

ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని హద్దును కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. మీకు చెప్పిన ఆపరేషన్ ఏ దవాఖానలో పథకం కింద చేస్తారో ఆరోగ్యమిత్రను అడగండి. అడగకుండా పొలం తాకట్టు పెట్టవద్దు.

ఆపరేషన్‌కు ముందు బీపీ, షుగరు, గుండె, రక్తం పరీక్షిస్తారు. షుగరు అదుపులో ఉండాలి. పుచ్చుపన్ను, ఒంటి మీద పుండు, మూత్రంలో మంట ఉంటే ముందు నయం చేయించుకోవాలి. లేకపోతే ఆ చీము కొత్త కీలుకు పాకవచ్చు. బీడీ, సారా మానాలి.

ఇంటిని ముందే సిద్ధం చేయాలి

ఇక్కడే అసలు సంగతి ఉంది. మన బతుకంతా నేల మీద. నేల మీద కూర్చుని తింటాం. నేల మీద పడుకుంటాం. గొంతుకూర్చుని దొడ్డికి పోతాం. కొత్త కీలుకు ఇవే పడవు. తొడ పొట్ట వైపు బాగా వంగితే గుండు గిన్నెలోంచి జారవచ్చు. డాక్టరు ఆపరేషన్ బాగా చేసినా ఇల్లు సిద్ధంగా లేకపోతే కష్టం. అందుకే ఆపరేషన్ సగం, ఇల్లు సగం.

ఎత్తయిన కుర్చీ కావాలి. కూర్చుంటే మోకాలు తుంటికన్నా కిందికి ఉండాలి. పీట, ముక్కాలిపీట పక్కన పెట్టండి. కుంగిపోయే నులక మంచం వద్దు. బల్ల మంచం మేలు. మంచం పొట్టిగా ఉంటే వడ్లాయనతో కోళ్లు ఎత్తు చేయించండి. దొడ్డికి మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ కొనండి. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. నేల తడి లేకుండా తుడవండి. దారిలో చాపలు, తాళ్లు, బిందెలు తీసేయండి. రాత్రి చిన్న బల్బు వెలగనివ్వండి.

కోలుకునే రోజులు

మామూలుగా మరునాడే వాకర్‌తో నిలబెడతారు. "కుట్లు ఊడిపోతయి" అని భయపడి పడుకోవద్దు. నడిస్తేనే రక్తం గడ్డకట్టదు. మంచంలో ఉన్నా పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. తొడ కండ బిగించి వదలాలి. రోజుకు నాలుగైదు సార్లు చేయాలి. కుట్లు రెండు వారాల లోపు తీస్తారు.

వాకర్ తరువాత చేతికర్ర. కర్రను ఆపరేషన్ కాలికి ఎదుటి చేతిలో పట్టాలి. ఎడమ తుంటికి ఆపరేషన్ అయితే కుడిచేతిలో కర్ర. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

కాలు మీద కాలు వేయవద్దు. బాసింపట్టు వేయవద్దు. కింద పడిన వస్తువు కోసం వంగవద్దు. నిలబడి ఒక్కసారిగా పక్కకు తిరగవద్దు. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. ఈ జాగ్రత్తలు ఎన్ని నెలలో ఆపరేషన్ చేసిన డాక్టరు చెబుతారు. గొంతుకూర్చోవడం మాత్రం ఎప్పటికీ వద్దని చాలామంది డాక్టర్లు అంటారు.

ఏడాది దాకా మెల్లమెల్లగా బలం వస్తూనే ఉంటుంది. మొదటి నెలలో మనసు కుంగుతుంది. "ఎందుకు చేయించుకున్ననో" అనిపిస్తుంది. అప్పుడు ఇంటివాళ్లు విసుక్కోకూడదు. రోజూ ఎన్ని అడుగులు నడిచారో క్యాలెండరు మీద రాయండి. నిన్న ఇరవై, ఈరోజు ముప్పై. ఆ అంకెలే ధైర్యం చెబుతాయి.

ఈ గుర్తులు కనబడితే ఆగవద్దు. గాయం నుంచి చీము, జ్వరం. పిక్క వాచి నొప్పి. ఒక్కసారిగా తుంటిలో నొప్పి, కాలు పొట్టి కావడం. వెంటనే దవాఖానకు పోవాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఆ నిమిషమే 108కి ఫోన్ చేయాలి.

దవాఖాన ఇచ్చిన చీటీని పారేయవద్దు. ఏ కీలు పెట్టారో అందులో రాసి ఉంటుంది. పదేళ్ల తరువాత కూడా దానితో పని పడుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎన్ని రోజులు వేసుకోవాలో కూడా అందులోనే ఉంటుంది. అక్షరం నేర్చుకున్నది ఇందుకే. అవ్వ చీటీని మనవరాలు చదవవచ్చు. అవ్వే చదువుకుంటే ఇంకా మంచిది. ఎందుకంటే కాలు ఆమెది. నిర్ణయం కూడా ఆమెదే కావాలి.

చదివి చర్చించండి

1. తుంటి మెడ విరిగితే కట్టు ఎందుకు పనిచేయదు?
2. "నాకెందుకు" అనే అవ్వకు మీరైతే ఏం చెబుతారు?
3. మీ ఇంట్లో పెద్దవాళ్లు జారిపడే చోట్లు ఎన్ని ఉన్నాయి? లెక్కపెట్టి రాయండి.
4. చేతికర్ర ఏ చేతిలో పట్టాలి? నిలబడి చూపించండి.